పాత కస్టమ్స్ భవనంలో మావాడు

గైడు మాస్టారి వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, మా డ్రైవర్ బాబాయ్‌కి, వెనక వరసలో ముడుచుకుని కూర్చున్న మా అమ్మకు నమస్కారం. ఈ నాలుగు మాటలూ రాసుకుని వచ్చాను. సోమవారం నుంచి హార్బరు టూరు బస్సు నాది. గైడు మాస్టారిని అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఒంటరిగా అడిగితే ఆయన మాట మార్చేస్తున్నారు, అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

మా ఇంట్లో బోర్డు చదవగలిగిన మొదటి మనిషిని నేను. రేవులో నీళ్ల సీసాలు అమ్మే అమ్మ పక్కన నిలబడి మాస్టారి మాటలు వింటూనే ఈ ఊళ్లో చూడాల్సినవేమిటో నేర్చుకున్నాను. లైట్‌హౌస్ దగ్గర "మోకాళ్లున్నవాళ్లు పైకి, అనుభవం ఉన్నవాళ్లు నాతో కిందే" అనేవారు. (నవ్వులు) గడియార స్తంభం దగ్గర "టైము తప్ప అన్నీ బాగా చూపిస్తుంది" అనేవారు. ఆ జోకుకు ముప్పై ఏళ్లుగా రోజూ నవ్వడం తన డ్యూటీలో భాగమేనని బాబాయ్ అంటాడు. (నవ్వులు)

ఆఖరి చోటు పాత కస్టమ్స్ భవనం. తలుపుకు తాళం, లోపల మెట్లు ఎప్పుడో కూలిపోయాయి. అయినా బస్సు కదిలేముందు మాస్టారు నాలుగో అంతస్తు కిటికీ వైపు చెయ్యి ఊపుతారు, అక్కణ్ణించి ఒక చెయ్యి తిరిగి ఊగుతుంది. "మావాడే. పనిలో ఉన్నాడు, కిందికి రాలేడు" అంటారు. టూరిస్టులు చప్పట్లు కొడతారు. నేనూ కొట్టేదాన్ని.

పోయిన నెల మాస్టారు మోకాలి నొప్పితో మూడు రోజులు రాలేదు. మొదటి రోజు ఆయన బదులు బస్సులో వెళ్లి నేను ఊపాను. ఆ చెయ్యి ఊగలేదు. మూడో అంతస్తు కిటికీ అంచు మీద అలా ఆగి ఉంది. మర్నాడు రెండో అంతస్తులో. ఆ మర్నాడు రెండు చేతులూ ఎత్తి ఊపాను. మొదటి అంతస్తు. "ఎక్కమ్మా, అటు చూడకు" అని బాబాయ్ బండి స్టార్ట్ చేశాడు.

ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను. ఆ చెయ్యి కిందికి దిగుతోందని చెప్పాను. "ఏ అంతస్తు?" అన్నారు, అంతే. తెల్లారి కర్ర పట్టుకుని డ్యూటీకి వచ్చేశారు. ఆయన ఊపగానే ఆ చెయ్యీ ఊగింది. కానీ మళ్లీ పైకి వెళ్లలేదు. నేను ఆయన వైపు చూస్తే "కళ్లద్దాలు పెట్టించుకో తల్లీ" అని నవ్వేశారు.

మాస్టారూ, బస్సెక్కించే ముందు మనుషుల్ని లెక్కపెట్టుకోమని, తెలియనిది తెలియదని చెప్పమని నాకు నేర్పింది మీరే. నాకు తెలియదు, అందుకే అడుగుతున్నాను. మీరు రిటైరవుతున్నట్టు అతనికి చెప్పారా?



పద్నాలుగో తేదీ, ఆదివారం సాయంత్రం ఐదింటిలోపు జవాబు చెప్పండి. చిన్న చీటీ అయినా చాలు. సోమవారం పదకొండింటికి నలభై మందితో ఆ భవనం ముందు దిగాలి. ఇక కింద మిగిలింది కిటికీ కాదు, తలుపు.

నన్ను ఇంతదాన్ని చేసిన మీకు, ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, ఆ తలుపుకు ఇవాళ్టికి తాళం ఉందన్న ధైర్యంతో, సెలవు.