వంతెన పక్కన ఖాళీ

వెనిస్. చిత్రకారుడు బోర్తోలో మేడగది. వచ్చినవాడు సెనేటు సభ్యుడు ఆల్విసే.

“మెల్లగా, దొరా. ఆ కొత్త పటం ఇంకా తడారలేదు.”

“తడి సంగతి తర్వాత. నన్నెందుకు పెట్టావు అక్కడ?”

“ఎక్కడ?”

“నంగనాచి వేషాలొద్దు, బోర్తోలో. సాన్ రోకో పండుగనాడు నీ పటం వీధిలో పెట్టావు. ఊరంతా చూసింది. వంతెన పక్కన నేను, నా చెవి దగ్గర ఆస్ట్రియా రాయబారి.”

“ఆయన రాయబారా? టోపీ బాగుందని గీశాను.”

“టోపీ బాగుందా? మావంటివాళ్లు పరాయి రాయబారిని చూసి పలకరింపుగా నవ్వినా చెరసాలే. తెలీదూ?”

“ఎందుకు తెలీదు. కానీ మీరిద్దరూ ఆ పటంలో కలిసింది నా వల్ల. మేడలూ నీళ్లూ ముందు వేస్తాను. మనుషుల్ని బజార్లో విడిగా గీసి పెట్టుకుంటాను. చివర్లో ఖాళీ ఎక్కడుంటే అక్కడ దించుతాను. వంతెన పక్కన ఖాళీ వచ్చింది. మీ ఇద్దరూ సరిపోయారు.”

“సరిపోయామా. నా మెడకి ఉచ్చు పడేట్టుంది. రుజువేదీ?”

“ఈ బొమ్మల పుస్తకమే. ఇదిగో మీరు. ఉపవాసాల రోజుల్లో, చేపల బజారు. కింద తేదీ ఉంది.”

“నా పొట్ట ఇంతుందా?”

“తగ్గించే గీశాను.”

“సరే, సరే. వాడేడీ?”

“నాలుగు పేజీల అవతల. పడవ దిగుతున్నాడు. అప్పటికి నెల దాటింది.”

“అమ్మయ్య. విడివిడిగానే గీశావు. పద, పట్టుకెళ్లి విచారణాధికారులకి ఇద్దాం.”

“వాళ్ల మనిషి పొద్దున్నే వచ్చాడు, దొరా. పేజీ పేజీకీ అంకె వేసి ముద్ర కొట్టాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చి పట్టుకుపోతాడట.”

“బొమ్మలు చూశాడా?”

“పేజీ మూల మీంచి చూపు తిప్పితేగా. అంకెలే వేశాడు. ఒక్క కాగితం తగ్గినా నన్ను లోపల వేస్తానన్నాడు.”

“తగ్గడమెందుకు? మొత్తం చూడనీ. ఆ రాయబారి మొహం దగ్గర్నుంచి చూసింది కూడా లేదని వాళ్ల ముందు ప్రమాణం చేసి చెప్పాను.”

“చెప్పేశారా?”

“నిన్ననే. రాసుకున్నారు కూడా. ఏం, అలా చూస్తావేం?”

“ముందు కూర్చోండి.”

“కూర్చునే తీరిక లేదు. ఏమిటో చెప్పు.”

“ముప్పయ్యొకటో పేజీ తిప్పండి, దొరా. ముసుగుల పండుగలో, సారాకొట్టు వెనక సందు. ఇద్దరూ ముసుగులు తీసి ఒకే ఉత్తరం చదువుతున్నారు. ఇక్కడ మాత్రం మిమ్మల్ని నేను కలపలేదు.”