నా కుర్చీలోంచి చూస్తే తెరిచే ఉంది

అసహ్యం వేస్తోంది బాబాయ్. ఆ ఆఫీసు గేటు కనబడితే చాలు, వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపిస్తోంది. కుర్చీ వద్దులెండి, ఈ బల్ల చాలు నాకు. పిన్నిగారూ, టీ పెట్టకండి. మంచినీళ్లివ్వండి చాలు. మొహమాటం కాదు, నిజంగానే వద్దు.

ఏం మనుషులండీ వాళ్లు? ఆ స్కానింగ్ సెంటర్లో ముప్ఫై ఒక్క ఏళ్లు మెషీన్ ముందు నిలబడ్డ మనిషికి కాగితం ఇవ్వాల్సి వస్తే, ఎం.డి. గారికి రావడానికి తీరిక లేదట. మేనేజరుకి నడుం నొప్పట. చివరికి నన్ను పిలిచి, "ఆయనకి నువ్వంటే ఇష్టం కదా, నువ్వు తీసుకెళ్లు, ఐదింటిలోపు సంతకం పెట్టించుకురా" అన్నారు. కంప్యూటర్లు, వైర్లు చూసుకునేవాణ్ణి నేను. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించడం నా పనా?

సంచిలో ఉంది. తీస్తాను, తొందరేముంది.

ఏం రాశారా... ఏం రాస్తారు? మీరే రాసుకున్నట్టు రాశారు. "స్కాన్ బొమ్మ డాక్టరుగారికి సమయానికి చేరకపోవడం నా పొరపాటే, కంప్యూటర్ సెట్టింగులు నేనే కదిపాను, నా అంతట నేనే ఉద్యోగం మానుకుంటున్నాను" అని. సంతకం పెడితే గొడవ ఇక్కడితో ఆగిపోతుందట. లేకపోతే పోలీసు కంప్లైంట్ ఇస్తారట. పెడితే మాత్రం మిగిలేదేముంది బాబాయ్? ఆ కాగితం మీద మీ సంతకం పడ్డాక ఇంకే సెంటర్లోనూ మిమ్మల్ని మెషీన్ ముట్టుకోనివ్వరు.

అసలు ఆ భవనంలో శుభ్రమైన మనిషి ఒక్కడైనా ఉన్నాడా చెప్పండి. ఎం.డి. గారి బావమరిది ఉన్నాడు కదా, మనం వెనకాల "సినిమా" అని పిలుచుకునే మహానుభావుడు. పదకొండింటికి వస్తాడు. ఏసీ వేసుకుంటాడు. ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి, లోకంలో ఉన్న సినిమాలన్నీ మన లైను మీద దించుకుంటాడు. దించుకుని ఊరుకుంటే బాగుండు. అది ఇటు దించుకుంటూనే అటు వందమందికి పంచిపెడుతుంది. ఊరి సొమ్ముతో దానధర్మాలు. సాయంత్రం వెళ్లేటప్పుడు కూడా ఆపడు, రాత్రంతా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

అతని గదీ మీ గదీ ఒకే లైను మీద ఉన్నాయి. అందుకేగా మీరు మంగళవారం మెట్ల దగ్గర నన్ను ఆపి, "బొమ్మలు నత్తల్లా పాకుతున్నాయి బాబూ, కాస్త చూడు" అన్నారు? చూస్తానన్నాను నేను. అవును, అన్నాను.

తెల్లారి బుధవారం.

మీరు రోజూ ఆ బుధవారాన్నే తిప్పి తిప్పి తలుచుకుంటున్నారని పిన్ని ఫోన్లో చెప్పారు. నిద్రలో కూడా మీ వేలు కదులుతోందట, బటన్ నొక్కుతున్నట్టు. మానేయండి బాబాయ్. మీరు ఏ తప్పూ నొక్కలేదు.

ఎనిమిదిన్నరకి ఆ టైలరమ్మని తీసుకొచ్చారు, మూతి వంకరపోయి, మాట తడబడుతూ. తలలో రక్తం గడ్డ కట్టింది, మందు ఇవ్వడానికి ఇంకో గంటే గడువుంది. మీరు పది నిమిషాల్లో స్కాన్ తీశారు. పంపే బటన్ నొక్కారు. చూసే డాక్టరుగారు రెండు వీధుల అవతల మన పెద్ద బిల్డింగ్‌లో ఉంటారు. రోజూ ఇరవై ముప్ఫై బొమ్మలు అలాగే వెళ్తాయి కదా, నొక్కితే అక్కడ పడతాయి. ఆ రోజు పడలేదు. నాలుగుసార్లు నొక్కారు.

నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. నేనేమన్నాను? "నా కుర్చీలోంచి చూస్తే తెరిచే ఉంది బాబాయ్, మీ దగ్గరే ఏదో ఉంది, ఆపి మళ్లీ వేయండి" అన్నాను. మీరు ఆపి మళ్లీ వేశారు. అది లేవడానికి ఏడు నిమిషాలు. మళ్లీ ఫోన్ చేశారు. మళ్లీ అదే మాట. నేను నా గది వదిలి కిందకి దిగిరాలేదు. ఇరవై రెండు మెట్లు. అప్పుడే ఎవరో నాకు టిఫిన్ తెచ్చిపెట్టారు, చల్లారిపోతుందని.

అప్పుడు మీరే బొమ్మని డిస్క్‌లోకి ఎక్కించి, జేబులో పెట్టుకుని, ఆ రెండు వీధులూ పరుగెత్తారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. అక్కడికెళ్తే కంప్యూటర్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లు కూడా మూసేసి ఉన్నాయి. ఎవరు మూయించారు? నేనే. కిందటేడు. వైరస్‌లు రాకుండా అని సర్క్యులర్ కూడా వేయించాను, అందరూ చప్పట్లు కొట్టారు.

చివరికి డాక్టరుగారే నడిచి మన దగ్గరకొచ్చి చూశారు. అప్పటికి గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది.

మీటింగ్‌లో చూశారుగా ఒక్కొక్కళ్ల నాటకం. తిలాపాపం తలా పిడికెడు పంచుకోవాల్సిన చోట, మొత్తం తెచ్చి మీ నెత్తిన పోశారు. డాక్టరుగారు "నాకు బొమ్మ రాలేదు" అని గోడకేసి చూశాడు. మేనేజరు "పెద్దాయనకి కొత్త సాఫ్ట్‌వేర్ ఒంటబట్టలేదండీ" అన్నాడు. ఆ సినిమా వెధవ సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను? నేను ఒక కాగితం ఇచ్చాను కదా. "నెట్‌వర్క్‌లో లోపం లేదు" అని. కింద పరీక్ష చేసిన తెర ఫోటో అంటించాను, పచ్చటి టిక్కుతో. అది చూసి మీరేమన్నారో గుర్తుందా? "బాబు చూశాడంటే సరిగ్గానే చూసుంటాడండీ" అన్నారు. అందరి ముందూ.

ఎందుకంత మంచితనం బాబాయ్? ఛీ, ఒక్కసారి గట్టిగా అరిచి ఉంటే బాగుండేది.

నిన్న ఆ టైలరమ్మ ఇంటికెళ్లాను. ఎందుకెళ్లానో నాకే తెలీదు. స్కానింగ్ సెంటర్ నుంచి వచ్చానని మాత్రం చెప్పాను, నేనెవరో చెప్పలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. మాట బాగానే వచ్చింది ఆవిడకి. కుడి చెయ్యే. వేళ్లు ముడుచుకోవట్లేదు, కత్తెర పట్టలేకపోతోంది. రోజూ ఒక బంతి ఇచ్చి పిసకమంటున్నారట.

ఆవిడే చెప్పింది. "మీ సెంటర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు బాబూ, మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు. నా వేలు ఎక్కడో తప్పు నొక్కి ఉంటుందమ్మా, క్షమించు అన్నాడు. పాపం, నేనే ఊరుకోబెట్టాను" అంది.

ఆ మాట విన్నాక ఇంక కూర్చోలేక లేచి వచ్చేశాను.

ఒక మాట చెప్తాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ చెప్పలేను.

కంప్యూటర్‌కి వేల తలుపులుంటాయి బాబాయ్. ఏ సాఫ్ట్‌వేర్ ఏ తలుపులోంచి రావాలో పోవాలో దానికో నంబరు. దాన్నే మేం పోర్టు అంటాం. ఏ తలుపు తెరవాలో, ఏది మూయాలో చూసే కాపలావాడు ఫైర్‌వాల్. ఆ కాపలావాడికి రూల్స్ రాసిచ్చేవాణ్ణి నేను. ఆ భవనంలో ఇంకెవరికీ దాని పాస్‌వర్డ్ కూడా తెలీదు.

మంగళవారం సాయంత్రం మీరు చెప్పాక వెళ్లి చూశాను. లైను మొత్తం అతని సినిమాలే. వెళ్లి "అది ఆపండి సార్" అనాలి కదా? అనలేదు. ఎం.డి. గారి బావమరిది. రేపు నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి. అందుకని ఫైర్‌వాల్‌లో మూసేద్దామనుకున్నాను, ఎవరు మూశారో అతనికి తెలీకుండా. పోనీ అతని ఒక్క కంప్యూటర్‌కి మూయచ్చు. మూస్తే అతని పేరు మీదే కనబడుతుంది, నా మీదే అనుమానం వస్తుంది. అందుకని మీ ఇద్దరి గదులూ ఉన్న కింద అంతస్తు మొత్తానికి మూశాను.

ఆ సినిమాల సాఫ్ట్‌వేర్ ఒక్క తలుపుకి కట్టుబడే రకం కాదు. ఒకటి మూస్తే పక్కదాంట్లోంచి దూరుతుంది. వరసగా వెయ్యి తలుపులు మూసేశాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఆ వెయ్యింటి మధ్యలో మీ బొమ్మలు వెళ్లే తలుపు కూడా ఉంది.

చూసుకోలేదు బాబాయ్. ఏ తలుపు దేనిదో లిస్టు రాసి పెట్టుకున్నదే నేను, గోడకి అంటించుకున్నదీ నేనే. తల తిప్పి చూస్తే కనబడేది.

మరి పరీక్షలో పచ్చ టిక్కు ఎలా వచ్చిందంటారా? అదీ నా నిర్వాకమే. నా గది కంప్యూటర్‌కి ఏ రూలూ వర్తించదు. మొదట్లోనే అలా రాసుకున్నాను. మా వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఊరందరికీ తాళాలు వేసి, మా తలుపు మాత్రం బార్లా తెరిచి పెట్టుకుంటాం. నా కుర్చీలోంచి తట్టి చూస్తే తెరుచుకోక ఏం చేస్తుంది? మీ కుర్చీలో కూర్చుని తట్టాలి. కూర్చోలేదు.

మీటింగ్ అయి మిమ్మల్ని ఇంటికి పంపేశాక ఎం.డి. గారు ఆ కంప్యూటర్ ఎవరూ ముట్టుకోవద్దన్నారు. శనివారం మీ సీట్లోకి కొత్తమ్మాయి వచ్చింది. వచ్చిన అరగంటకే ఫోన్. "సార్, బొమ్మ పోవట్లేదు." ఆ రోజు మాత్రం దిగాను, ఇరవై రెండు మెట్లూ. అప్పటికీ నా తప్పనుకోలేదు. కేబుల్ మార్చాను. ఆ కంప్యూటర్‌లో ఉండే చిన్న ఫైర్‌వాల్ ఆపేసి చూశాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. పాపం ఆ ఫోనెత్తినావిడ "మా వైపు బాగానే ఉంది సార్" అని పదిసార్లు చెప్పింది, నేను మీకు చెప్పినట్టే.

చివరికి మీ కుర్చీలోంచే ఆ తలుపు తట్టి చూశాను. ఎర్ర గుర్తు. మూసి ఉంది.

మంగళవారం నేను రాసిన రూలు అప్పుడు గుర్తొచ్చింది. పైకెళ్లి ఆ రూలు తీసేశాను. పదకొండు సెకన్లలో బొమ్మ అక్కడ పడింది.

ఆ అమ్మాయి సంబరపడిపోయింది. "పాత ఆయన ఏదో కదిపి పెట్టినట్టున్నారు కదా సార్" అంది.

నేను "ఊఁ" అన్నాను.

అంతే బాబాయ్. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు. ఆ ఊఁ మధ్యాహ్నానికి మేనేజరు దగ్గరకెళ్లింది, సాయంత్రానికి ఎం.డి. గారి దగ్గరకెళ్లింది. సోమవారానికి "సెట్టింగులు పెద్దాయనే కదిపినట్టు మా నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి తేల్చాడు" అని కాగితంలోకి ఎక్కింది. "చూశావా, ఆయన వెళ్లగానే అన్నీ చక్కగా నడుస్తున్నాయి" అని నా భుజం తట్టాడు ఎం.డి. ఆ చెయ్యి ఇప్పటికీ ఇక్కడే ఉన్నట్టుంది. రోజూ రుద్దుకుని స్నానం చేస్తున్నాను.

రూలు తీసేశాను గానీ, ఎవరు ఎప్పుడు ఏది మార్చారో ఆ ఫైర్‌వాల్ పెట్టె రాసి పెట్టుకుంటుంది. మంగళవారం సాయంత్రం ఐదూ నలభై, పక్కన నా పేరు. ఇంకో నెల అయితే దానంతట అదే చెరిగిపోతుంది. పోనీ నేనే తీసి చూపించచ్చు. నాలుగు రోజులుగా రోజూ తెరుస్తున్నాను, చూస్తున్నాను, మూస్తున్నాను.

పిన్నిగారు లోపలికి వెళ్లిపోయారు. విన్నట్టున్నారు.

తిట్టండి బాబాయ్. చెంప పగలగొట్టినా పడతాను. మీ వేలు తప్పు కాదు, ఎన్నడూ కాదు, మీరు నాలుగుసార్లూ సరిగ్గానే నొక్కారు. ఇది చెప్పడానికే వచ్చానని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

అయ్యో, ఆ సంచి ఎందుకు లాక్కుంటున్నారు? నేను చెప్పింది విన్నారు కదా?

ఏంటి? మీకు ఇంక రెండేళ్లే సర్వీసా... నాకు పాతికేళ్లుందా? నా ఇద్దరు పిల్లలూ చిన్నవాళ్లా?

అది కాదు బాబాయ్. అలా మాట్లాడకండి. ఇక్కడ మనిషన్నవాడైతే ఆ కాగితం లాక్కుని చింపేయాలి. మీ చెయ్యి పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్లాలి. ఆ పెట్టె తెరిచి నా పేరు అందరికీ చూపించాలి. నాకు తెలుసు. నాకు అన్నీ తెలుసు.

కాగితం, పెన్నూ తీసి పెట్టుకుని ఇంకా ఏం వెతుకుతున్నారు?

కళ్లజోడు... మీ జేబులోనే ఉంది బాబాయ్.