పుండు కాలు

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎదుట చేపల వ్యాపారి కూర్చున్నాడు. ఏ బేరమైనా చిటికెలో తేల్చే మనిషికి, తన చెరువు కాపలాదారు ధనరాజు దక్కుతాడో లేదో మాత్రం అంతుపట్టడం లేదు.

“ఇన్ని సూదులేసినా జ్వరం దిగదేంటండీ?”

“మామూలు మందులకి లొంగని జబ్బేమోనని అనుమానమండి. బురదలో ఉండే ఓ సూక్ష్మజీవి మన కణాల్లోకి దూరుతుంది. కణాన్ని నిలబెట్టే పోగుల్నే తన వెనక తోకలా పేర్పించుకుని, ఆ ఊపుతో పక్క కణంలోకి తోసుకుపోతుంది. కణాల బయటికి రాదు కాబట్టి, క్రిముల్ని పట్టుకునే ఒంట్లో కాపలాకి దొరకదు.”

“అంటే సొంత సరుకేం తేదన్నమాట. ఎదుటోడి ఎముకల మీదే దాని నడకంతా.”

“ఆయ్. అదేనని తెలిస్తే ఇవాళే మందు మారుస్తాను. ధనరాజు పుండు కాలుతో బురదలో దిగేడా?”

వ్యాపారి భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“దిగేడండి.”

“షుగరున్న మనిషి ఎందుకు దిగేడండీ?”

“చేపల పట్టుబడి రోజండి. లారీ వచ్చి గట్టు మీద నిలబడిపోయింది. కాలు బాలేదండీ అన్నాడు. కాస్త పసుపు అద్దుకుని దిగరా, ఏం కాదు అన్నాను. షుగరని నాకు తెలుసండి.”

“చెప్పి మంచి పని చేసేరు. నిన్న అతన్నీ అడిగేను. చెరువులో దిగనే లేదన్నాడు.”

“ఎందుకన్నాడండీ అలాగ?”

“కాలు బాగోకపోతే మా అయ్యగారు దిగనివ్వరండీ, అన్నాడు.”