మూడు తాళ్ల మధ్య సుందర్ రాజ్ గారి చివరి పాఠం

“ఆ తాడు బిగిసీసి పిల్లకి ఊపిరాడకపోతే ఏటి సేత్తారు సార్?” అని, పాఠం ఇంకా మొదలుకాకముందే గుమ్మంలో నిలబడి అడిగింది రసాయన ప్రయోగశాల అటెండరు ఈశ్వరి. పాఠం కోసం పిల్ల నడుముకు కట్టేది వెడల్పాటి గుడ్డ పట్టీయేనని, తాళ్లు ముడివేసేది దానికేనని సార్ విప్పి చూపించినా ఆమె నమ్మలేదు. సార్ పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు నాలుగు మంచి మాటలు రాయమని సహోద్యోగులు ఆ ఈశ్వరికే అప్పగించారు గనుక, ఆ భయం సంగతి ఇందులోకి రాక తప్పలేదు.

శ్రీ సుందర్ రాజ్ గారు 1990 జూలై 16వ తేదీన ఎలమంచిలిలో రసాయనశాస్త్ర అధ్యాపకులుగా బాధ్యతలు స్వీకరించారు. ఏ అణువుకు మొత్తంమీద ద్విధ్రువం, అంటే ఒకవైపు లాగుడు, మిగులుతుందో, దేనికి మిగలదో తొలినాళ్లలో ఆయన కూడా అందరిలాగే బోర్డు మీద బాణాలు గీసి బోధించేవారు. పిల్లలు ఆ బాణాలను ముచ్చటగా దించుకునేవారే తప్ప, ప్రతి బంధమూ తనవైపు లాగుతూ ఉండగా అణువు మొత్తానికి ఏ లాగుడూ లేకపోవడమేమిటో వారికి మనసుకెక్కేది కాదు. ఆ వెలితి సార్‌ను ఏళ్ల తరబడి వేధించింది.

గోపాలపట్నంలోని మన కళాశాలకు వచ్చిన తరువాత ఒక ఏడాది పిల్లలను యారాడ సముద్రతీరానికి తీసుకువెళ్లారు. ఎక్కడ ఎవరిని అల లాక్కుపోతుందోనని ఈశ్వరి భోజనాల క్యారియర్లు వదిలేసి పిల్లల తలలు లెక్కపెట్టుకుంటున్న వేళ, సార్ మాత్రం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వల లాగుతున్న వారితో కలిసి తాడు పట్టుకున్నారు. ఒక జట్టు ఈ పక్క, ఒక జట్టు ఆ పక్క లాగుతుంటే, వల ఎవరివైపూ పోక సరిగ్గా ఇద్దరి నడుమగా ఒడ్డుకు రావడం చూసి, రెండు బంధాల లాగుడు కలిసి నడుమకు తేలే నీటి అణువంటే ఇదేనని ఇసుకలో గంతులు వేశారు. వల యజమాని సింహాద్రి ఆ గంతులు చూసి, “మేస్టారికి ఎండ సుర్రుమన్నట్టుంది, నెత్తిన నీల్లు పొయ్యండర్రా” అన్నాడు. అయినా పాత తాళ్లు అడిగితే సంతోషంగా ఇచ్చాడు. ఆనాటి నుండి ఆ తాళ్లే మన ప్రయోగశాలలో బంధాలు, మధ్యలో నిలబడ్డ విద్యార్థే పరమాణువు.

వారి బోధనలో మరొక విశేషం నిరీక్షణ. ఒకరిని ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేదాకా మరొకరి వైపు తిరగరు, కసరరు, అందించరు. గంట కొట్టినా సరే, ఆ పిల్ల ముఖంలోకి చల్లగా చూస్తూ ఆగుతారు.

ఆ నిరీక్షణే ఈశ్వరి ఇంటికి దీపమైంది. ఆమె కూతురు ధనశ్రీ మన కళాశాలలోనే ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో గలగలలాడే పిల్ల తరగతిలో పెదవి విప్పదు. నోరు తెరవని పిల్ల వైవాలో ఎలా గట్టెక్కుతుందని, సైన్సు గ్రూపు నుండి మార్చేద్దామని కళాశాల పెద్దలు నిర్ణయానికి వచ్చారు. తన పాఠాలు పూర్తయ్యేవరకు ఆగమని సార్ ఒక్కరే పట్టుబట్టారు. ఆయన వెళ్లిపోతే ఇక ఆగేవారెవరని ఈశ్వరికి అన్నం సహించలేదు.

తీరా ఆ చివరి పాఠం నాడు మధ్యలో నిలబెట్టింది ధనశ్రీనే. ఆమె బోరాన్, చుట్టూ సమాన దూరాన తాళ్లు పట్టుకున్న ముగ్గురు ఫ్లోరిన్‌లు. ముగ్గురూ సమానంగా లాగారు. ధనశ్రీ అంగుళం కదలలేదు. ఎందుకు కదలలేదని సార్ అడిగారు. కూతురి ముఖం ఎర్రబడడం చూసిన ఈశ్వరికి పిల్ల నలిగిపోతోందని తోచి, గబగబా వెళ్లి పట్టీకి ఉన్న ఒక తాడు ముడి ఊడదీసింది. మిగిలిన రెండు తాళ్ల లాగుడుకు ధనశ్రీ ఆ ఇద్దరి నడుమకు దూసుకుపోయి, దారిలో ఉన్న స్టూలుతో సహా కూలబడింది. తరగతి గొల్లుమంది.

సార్ కళ్లు మాత్రం యారాడ ఇసుకలో వెలిగినట్టే వెలిగాయి. “దెబ్బ తగల్లేదు కదమ్మా? అటే ఎందుకెళ్లావు?” అని అడిగి, ఊరుకున్నారు. పీరియడు గంట మోగింది. ఎవరూ లేవలేదు. ఈశ్వరి తానే ఏదో ఒకటి చెప్పబోతే సార్ చెయ్యెత్తి వారించారు.

“మూడూ సమానంగా నాగినప్పుడు ఒకదాన్నొకటి కొట్టీసుకున్నాయి సార్” అంది ధనశ్రీ, నేల మీద నుంచే. “అమ్మ ఒకటి ఇప్పీసింది. మిగిలిన రెండూ కలిసి నన్ను మజ్జికి నాగీసినాయి. నాగుడు ప్రతి బంధానికీ ఉంటాది. ఆకారం సమంగా ఉంటే మొత్తానికి మిగలదు.”

కార్బన్ టెట్రాక్లోరైడ్ సంగతేమిటని సార్ అడిగితే, నాలుగూ ఒకటే గనుక మిగలదంది. క్లోరోఫాం అంటే, అందులో ఒకటి వేరు గనుక మిగులుతుందంది. అంతమంది ముందు కూతురి గొంతు అంత గట్టిగా వినడం ఈశ్వరికి అదే మొదలు. గ్రూపు మార్పు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇందరి నోట మాట పలికించిన ఆ మహనీయులు కాళ్లలో సత్తువ, కళ్లలో ఆ వెలుగు తరగకుండా, మనవల పిల్లలకు కూడా తాళ్లాట నేర్పేంత కాలం కుటుంబసమేతంగా చల్లగా ఉండాలని మనందరి ప్రార్థన.

ఆనాడు పట్టీ విప్పుకుంటూ ధనశ్రీ మరొక మాట అడిగింది. “రేపట్నించి మాం సెప్పీదాకా ఎవులు ఆగుతారు సార్?”

సార్ తాళ్లు చుట్టడం ఆపారు. కిటికీ వైపు తిరిగారు. వారు నేర్పిన విద్యే గనుక, తరగతి తరగతంతా కదలకుండా ఆగింది. ఎంతసేపటికో కళ్లజోడు తుడుచుకుని ఇటు తిరిగారు.

“శనివారం శనివారం వస్తానమ్మా. అప్పటిదాకా తాళ్లు జాగ్రత్త. మీ అమ్మ చేతికి మాత్రం ఇవ్వకండి.”