సూదికి మూత అడిగాను

“అమ్మమ్మా, ఇందాక వార్డులో వేలికి సూది గుచ్చుకుంది. అమ్మకి చెప్పకు.”

ఏదీ, చెయ్యి ఇటు తే. పేషెంటుకి వాడిన సూదేనా? సబ్బు పెట్టి కడిగావా? సరే, అదొక్కటీ మంచిపని చేశావు. మరి మీ సిస్టర్ గారికి చెప్పావా? చెప్పలేదూ... తిడతారనా? ఊఁ.

ఇలా కూర్చో. మనం ఈ గూడెం ఊరికి రాకముందు నేను ఏలూరులో ఆయాగా చేశాను కదా, ఓ చిన్న నర్సింగ్ హోములో. మీ తాతయ్య పోయిన ఏడాదే చేరాను. కాదు కాదు, ఆ మరుసటేడు, మీ అమ్మ అప్పటికి ఐదో తరగతి. కొల్లేటి లంకల నుంచి జ్వరాలని పడవెక్కి, బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఒకాయన బతికున్న కొరమేనులు తెచ్చి మంచం కింద పెట్టాడు. అవి గెంతితే డాక్టరు గారు బల్లెక్కారు. నవ్వకు, నే చెప్పేది అది కాదు.

అంతకుముందు గాజు సిరంజీలు ఉండేవి. మరగబెట్టి మళ్ళీ వాడేవాళ్ళు, సూది పారేసేదే లేదు. ప్లాస్టిక్‌వి వచ్చాయి చూడు, వాడటం, చెత్తబుట్టలో పడెయ్యటం. ఆ చెత్త చేత్తో ఎత్తేదెవరు? నేను. దూది కింద సూది కనపడదుగా, రెండుసార్లు దిగింది నాకు. మూడోసారి ఉక్రోషం వచ్చి, సుగుణ అని చిన్న నర్సమ్మ, నీ వయసే, ఆ పిల్ల మీద పడ్డాను. “పారేసేముందు సూదికి మూత పెడితే మీ సొమ్మేం పోయిందండీ?” అన్నాను. పాపం నొచ్చుకుంది. “తప్పేనండీ పిన్నిగారూ, ఇకనుంచి పెడతాను” అంది. పెట్టేది కూడాను.

ఓరోజు ఎడం చేత్తో మూత పట్టుకుని, కుడిచేత్తో సూది అందులోకి దూర్చబోయింది. తప్పి బొటనవేల్లోకి దిగింది. నా ఎదురుగానే. “ఎవరికీ చెప్పకండేం, పెద్ద సిస్టర్ గారు కేకలేస్తారు” అంది. ఆ పిల్లకి తణుకు సంబంధం కుదిరింది, ఆ ఆదివారమే తాంబూలాలు. నేనేమన్నానో తెలుసా? “చీమ కుట్టినంత దానికి ఊరంతా చాటుకుంటామా ఏంటండీ” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు నెలలు దాటాక ఆ పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. వాళ్ళమ్మ గారు పసరు పోయించారు. రక్తం పరీక్ష చేసి, ఇది నీళ్ళవల్ల వచ్చే కామెర్లు కాదు, రక్తంలోంచి రక్తంలోకి అంటుకునేది అన్నారు. ఎలా వచ్చిందమ్మా అని డాక్టరు గారు అడిగితే, “తెలీదండీ” అంది. నావైపు చూడనైనా లేదు. పెళ్ళివారు సంబంధం వదులుకున్నారు. వదులుకుని ఊరుకున్నారా, పిల్ల నడవడి మీద ఏవేవో అన్నారు. వాళ్ళమ్మ గారు వరండాలో కూర్చుని అవి చెప్పి ఏడుస్తుంటే నేను అక్కడే తడిగుడ్డ పెడుతున్నాను. నేను చూశానండీ, సూది గుచ్చుకుందండీ అని ఒక్కమాట అంటే సరిపోను. నోరు రాలేదు. మూత పెట్టమన్నది నేనని తెలిస్తే పని పోతుందేమోనని, మీ అమ్మ చదువని... సాకులకేం, ఎన్నైనా ఉంటాయి. ఆ వేసవిలోనే, ఆ కామెర్లతోనే పోయింది సుగుణ.

తర్వాత ఎన్నాళ్ళకో సాయంత్రం బడికెళ్ళి అక్షరాలు దిద్దుకున్నాను. ఓనాడు వార్డు గోడమీద, సుగుణ ఉన్నప్పటినుంచీ ఉన్న కాగితం కూడబలుక్కుని చదివాను. వాడిన సూదికి మూత పెట్టరాదు. గుచ్చుకుంటే వెంటనే తెలపాలి. రోజూ దాని దుమ్ము తుడిచింది నేనే తల్లీ. నాకు చదవటం రాదు, సరే. సుగుణకి వచ్చుగా? తెలిసే పెట్టింది, నా చేతుల కోసం.

ఇప్పుడు ఆ పేషెంటు రక్తం చూసి, నీదీ చూసి, కావలిస్తే మందు వెంటనే మొదలెడతారటగా. ఆలస్యమైతే పనిచెయ్యదని నువ్వే అన్నావు ఓసారి. మరి ఇంకా కూర్చున్నావేం? లే, ఆటో పిలు. నేనూ వస్తాను. సిస్టర్ గారు తిడితే తిట్టనీ, నేను పక్కన ఉంటాను. మీ అమ్మకా? చెప్తాను. కోపం తెచ్చుకున్నా సరే, చెప్తాను.

నీ చేతులు చల్లగుండాలి బుజ్జీ. పసిపిల్లలు కూడా ఏడవనంత సున్నితంగా సూది వెయ్యాలి నువ్వు, నిండా నూరేళ్ళు... పద, పద.