కనజావా పీత, హనుమయ్యగారి భుజం

"జపాన్ అంటే ఎందుకండీ అంత కంగారు? నేనున్నాగా!" అన్నారు హనుమయ్యగారు ఫోల్డింగ్ కుర్చీలో వెనక్కి వాలి.

అమెరికాలో, ఫ్రిస్కోలో కృష్ణారావుగారి అమ్మాయి ఇంటి వెనక ప్యాటియో గచ్చు మీద శనివారం సాయంత్రం టీకి చేరారు పెద్దవాళ్ళు. డిసెంబర్‌లో అందరూ కలిసి ఇండియా తిరిగి వెళ్తూ, దారిలో జపాన్‌లో దిగి కనజావా అనే ఊరు చూడాలని వాళ్ళ ఆలోచన. పిల్లలెవరూ వెంట రారు. ముందుండి నడిపించే మనిషి కావాలి. పోయినేడాది ఆ ఊరు వెళ్ళొచ్చింది హనుమయ్యగారు, ఆయన భార్య వసంతలక్ష్మిగారు మాత్రమే. ఆవిడ లోపల టీ పెడుతున్నారు. ఆయన రాజమండ్రి కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి.

"ఎట్లుంటది సార్ ఆ ఊరు?" కృష్ణారావుగారిది కరీంనగర్.

"సముద్రం పక్క ఊరండి. దిగిన మర్నాడే చేపల బజారుకెళ్ళాను. పీతలు చూడాలండీ, ఎయిర్‌పోర్ట్‌లో మన పెట్టెలకి కట్టినట్టు ఒక్కోదానికీ నీలం రంగు టాగు! అమ్మేవాడికి తెలుగు రాదు, నాకు జపనీస్ రాదు. 'కాస్త చూసివ్వవయ్యా' అన్నాను. వాడు నడుం వంచి దండం పెట్టాడు. మర్యాద కదా, నేనూ వంగాను. వాడు ఇంకా వంగాడు. నేను ఊరుకుంటానా, ఇంకా వంగాను. ఆఖరికి వాడి నడుం పట్టేసి, నేనడిగిన రేటుకే ఇచ్చేశాడు."

"ఎంత పీతండీ అన్నయ్యగారూ?" అంది దమయంతి. ఆవిడ కృష్ణారావుగారి భార్య.

"అరచెయ్యంతేనమ్మా. సంచీలో వేసుకుని అటే పెద్ద తోటకి వెళ్ళాను. మంచు పడుతోంది. అక్కడి పైన్ చెట్లకి ఓ పద్ధతుందండి. చెట్టు పక్కన పొడవాటి స్తంభం పాతి, దాని కొస నుంచి ప్రతి కొమ్మకీ తాడు కడతారు, మంచు బరువుకి కొమ్మ విరక్కుండా. దూరం నుంచి గొడుగు చువ్వల్లా ఉంటాయి. స్తంభం, తీగలు, అంటే మన డిపార్టుమెంటే కదా! నోరు తెరిచి చూస్తున్నానా, సంచీ తేలికయింది. పీత లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పారిపోయిందా?"

"పరుగు! పీత పక్కకి కదండీ పరిగెత్తేది, నేనూ పక్కకే పరిగెత్తాల్సొచ్చింది. అదేదో మన దేశపు డాన్సనుకుని జనం ఫోన్లు తీశారు. అది సరాసరి స్తంభం ఎక్కి, డెక్కలతో ఒక్కో తాడూ టక్కు టక్కుమని కోసేస్తోంది. ఆ డెక్క ఒక్కటే మా లైన్‌మన్ కటింగ్ ప్లేయరంత!"

"అరచెయ్యంత పీతకా?" అన్నారు కృష్ణారావుగారు.

"చలికి ఉబ్బుతాయండి అవి. అడ్డు రాకండి. తాళ్ళు తెగాయి, వందల ఏళ్ళ నాటి చెట్టు నా మీదకే ఒరిగింది. తోటమాలులు కేకలు పెట్టి పరుగు. నేను భుజం ఆనించాను. ఈ భుజమే! మంచు ఆగేదాకా కదల్లేదు. ఓ ముసలాయన జాలిపడి గ్రీన్ టీ నోట్లో పోశాడు, చేతులు ఖాళీ లేవుగా. అలా మోస్తూనే ఒంటిచేత్తో అన్ని తాళ్ళూ మా లైన్ల ముడి వేసి బిగించాను."

"పీతో?" దమయంతి చేతిలో జంతిక చేతిలోనే ఉంది.

"తోటలోని చెరువులో దూకింది. నేనూ దూకాను. అడుగున చూస్తే సొరంగం, సముద్రంలోకి. అక్కడ దాని తల్లి కూర్చునుందండీ! మీ వీధిలో ఆగుతుందే, పసుపుపచ్చ స్కూల్ బస్సు, అంత! చేతులు జోడించి, 'అమ్మా, నీ బిడ్డని వండుకోనులే' అని మాటిచ్చాను. అది కరిగిపోయి నన్ను వీపున కూర్చోబెట్టుకుని ఒడ్డుకి తెచ్చి దింపింది. ఒడ్డున ఊరు ఊరంతా! అక్కడ బంగారాన్ని గాలికెగిరేంత పల్చగా సాగగొట్టే పనివాళ్ళున్నారండి. వాళ్ళంతా కలిసి నాకు తల నుంచి కాళ్ళదాకా బంగారు రేకు అతికించారు. అప్పుడే ఎండొచ్చింది. ఇంకేముంది, నా మెరుపు చూసి లైట్‌హౌస్ అనుకుని ఓడలన్నీ వచ్చేశాయి. టోక్యోలో దిగాల్సిన విమానం ఒకటి మా నెత్తిమీద చక్కర్లు!"

"మరి ఆ బంగారమంతా ఏమైంది?"

"తుమ్మానమ్మా. ఒక్క తుమ్ముకి ఊళ్ళో ఇళ్ళ కప్పులన్నీ బంగారమయ్యాయి."

కృష్ణారావుగారు నవ్వాపుకోలేక తల పట్టుకున్నారు. "సరే సార్, మీరే లీడర్. రేపే టికెట్లు బుక్ చేయమంట మా బిడ్డతోని."

దమయంతి మాత్రం నవ్వలేదు. తన మోకాళ్ళ సంగతి తనకి తెలుసు. మంచులో పడితే ఎవరు లేపుతారన్నది ఆవిడ దిగులు. వసంతలక్ష్మిగారు టీ ట్రేతో రాగానే అడిగేసింది.

"వదినగారూ, ఆ తోటలో నేను నడవగలనా? అన్నయ్యగారు చెట్టునే మోశారట, నన్నూ కాస్త పట్టుకుంటారా?"

"ఎవరు, ఈయనా?" వసంతలక్ష్మిగారు ట్రే బల్లమీద పెట్టారు. "ఈయన తోట ఎప్పుడు చూశారు? టాక్సీ దిగి హోటల్ గుమ్మంలో కాలు పెట్టారు, సర్రున జారారు. చీలమండ బూరెలా వాచింది. ఊరొదిలేదాకా గదిలో మంచం దిగలేదు. బజారుకీ, తోటకీ, ఆ బంగారు రేకు చేసేచోటికీ నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. సాయంత్రం రాగానే, 'ఏం చూశావు, ఇంకేం చూశావు' అని కూర్చోబెట్టి అడిగేవారు. అన్నీ చెప్పేదాన్ని, పాపం ఏమీ చూడలేదు కదాని."

"మరి పీత?" అన్నారు కృష్ణారావుగారు.

"నేను చేపలే తిననండీ. పీతెందుకు కొంటాను? చూసొచ్చి చెప్పాను, అంతే."

హనుమయ్యగారు టీకప్పు అందుకుని, అందరి మొహాలూ ఒకసారి చూశారు. "కాలు జారకపోయుంటే ఇదంతా జరిగేదేనండీ."

ఈసారి దమయంతి కూడా నవ్వింది. కృష్ణారావుగారు తన కుర్చీ వసంతలక్ష్మిగారి వైపు తిప్పుకున్నారు. "అమ్మా, మీరే ముందు నడవాలె. మా ఆమెని మంచుల ఎట్ల నడిపిస్తరో చెప్పండి."

"నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంది. కూర్చుంటానన్న చోటల్లా కూర్చుందాం, మనకేం తొందర?" అని ఆవిడ దమయంతి పక్కన కూర్చున్నారు. తర్వాత భర్త వైపు తిరిగారు. "మీరు మాత్రం ముందు మంచి బూట్లు కొనుక్కోండి. ఈసారైనా తోట చూద్దురుగాని."