అమావాస్య నాటి గీత

ఆమె తాడేపల్లిగూడెంలో, వంటింట్లో ఉంది. భర్త కలిదిండి దగ్గర కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడు. పొద్దున్నే ఆమె ఫోను చేసింది.

"ఏవండీ, ఇవాళ స్ట్రిప్పులో రెండో గీత ముదురుగా పడిందండి."

"అంటే... కడుపు నిలిచిందా?"

"అది వేరే స్ట్రిప్పండి. ఇది అండం విడుదలయ్యే రోజు చూసుకునేది. రేపటిదాకానే టైముంది. సాయంత్రానికి రాగలరా?"

"ఇవాళ అమావాస్య కదా. రొయ్యలు గుల్ల విడుస్తాయి. అప్పుడు వాటికి ఊపిరి చాలదు. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు గంట ఆగితే తెల్లారేసరికి చచ్చి తేలతాయి."

"పోయిన నెలా ఇదే అన్నారు."

"పోయిన నెలా అమావాస్యే మరి."

"నాకూ ఈ గీత అమావాస్యకే వస్తోందండి. నాలుగు నెలల నుంచి క్యాలెండరు మీద రాసుకుంటున్నాను."

"రొయ్యల పట్టుబడి అయ్యాక వచ్చేస్తాను. ఇంకో నలభై రోజులు."

"అంటే ఇంకో అమావాస్య పోతుంది. పోనీ, నేనే ఆకివీడు బస్సెక్కి వచ్చేయనా?"

"ఉన్నది ఒక్క షెడ్డు. మేత బస్తాల పక్కన నలుగురం పడుకుంటున్నాం."

"సరేలెండి."

"అమ్మ ఏమన్నా అడిగిందా?"

"ఈ నెలైనా విశేషమా అన్నారు. డాక్టరుగారు నాకు మందులు మార్చారని చెప్పాను."

"మంచిపని చేశావు. మేత వేసే టైమైంది, పెట్టేస్తాను."

"పెట్టేయకండి. మాట్లాడక్కర్లేదు, ఫోను అలాగే జేబులో వేసుకోండి. ఏరియేటర్ల చప్పుడు వింటూ వంట చేసుకుంటాను."